ఎదురెదురు సీట్లు

నవంబరు ఇరవై రెండు, శనివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. మేం ఏటా వెళ్ళే ఆడిటోరియం గేటు పక్కన చలికాలం కార్యక్రమాల పట్టీ అప్పుడే అతికించారు. జిగురు ఇంకా తడిగానే ఉంది. అదంతా ఫోన్లో కూడా వస్తుందని అందరూ అంటారు. ఫోన్లో చూస్తే నాకు చూసినట్టుండదు. అందుకని సూరత్‌లో మేముండే భేస్తాన్ నుంచి రెండు బస్సులు మారి వెళ్ళి, కళ్ళద్దాలు తుడుచుకుని, నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను.

డిసెంబరు ఆరు, పాత హిందీ పాటల ఆర్కెస్ట్రా. పద్నాలుగు, గుజరాతీ హాస్య నాటకం. ఇరవై, శనివారం, సాయంత్రం నాలుగింటికి క్రిస్మస్ బృందగానం. ఇరవై ఏడు, పిల్లలకు మేజిక్ షో. మొదలుపెట్టాక అన్నీ రాయకపోతే నాకు తోచదు కాబట్టి అన్నీ రాశాను. మాకు కావలసింది మూడోది ఒక్కటే.

మాకు అంటే నాకూ, వదినెకూ. ఆమె నాకు చుట్టం కాదు, ఒకరినొకరం వదినె అని పిలుచుకుంటాం. సిరిసిల్ల వైపు నుంచి బతుకుతెరువుకు సూరత్ వచ్చిన నేతవాళ్ళ ఇళ్ళు మావి. ఒకే షెడ్డులో ఇరవై రెండేళ్ళు పక్కపక్క గల్లీల వాళ్ళం కలిసి కండెలు చుట్టాం. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. నాడెలో పెట్టడానికి నూలు చుట్టిన కడ్డీ కండె. నూట ఇరవై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే అక్కడ గొంతుతో పని లేదు. చేతులతో మాట్లాడుకోవాలి. నుదుటి మీద అరచెయ్యి పెడితే సేఠ్ వస్తున్నాడని. పిడికిలి విప్పి ఖాళీ చెయ్యి చూపిస్తే కండె అయిపోయిందని. తల పైన వేలు గుండ్రంగా తిప్పితే ఎక్కడున్నావని. ముక్కు పట్టుకుంటే మా పని చూసే మాస్టరు దగ్గరికొస్తున్నాడని. ఆయనకు స్నానమంటే పడదు. ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని ఆ సైగలన్నీ వరసగా రాశాను. నలభై మూడు తేలాయి.

షెడ్డు మానేసేసరికి ఇద్దరికీ చెవులు సగం పోయాయి. పక్కకు వచ్చి అరిస్తే వినిపిస్తుంది.

సగం చెవులవాళ్ళకు పాటకచేరీ ఏమిటని మా వాడలో నవ్వేవాళ్ళు. మొదటిసారి మేం పాట కోసం వెళ్ళలేదు. వదినె మనవరాలు ఆరో తరగతిలో ఉండగా వాళ్ళ బడి పిల్లలు ఆ స్టేజీ మీద క్రిస్మస్ పాటలు పాడారు. రెండు పాసులిచ్చారు. తీరా చూస్తే ఒక సీటు ఎడమ వైపు, ఒకటి కుడి వైపు. ఆ హాలు వరసలు లాడం ఆకారంలో వంగి ఉంటాయి. ఎడమ చివర కూర్చున్నవాళ్ళకు కుడి చివరవాళ్ళు ఎదురుగా కనిపిస్తారు. నేను చిరాకుపడుతూ కూర్చున్నాను. అంతలో ముఖ్య అతిథి దండ వేసుకుని లోపలికొచ్చాడు. చూస్తే, ఎదురుగా వదినె నుదుటి మీద అరచెయ్యి పెట్టుకుని ఉంది. సేఠ్ వచ్చాడు!

నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. తర్వాత పాడేవాళ్ళ ముందు నిలబడి చేతులూపే ఆయన వచ్చాడు. "కొత్త మాస్టరు. పని చెయ్యడు, చేతులు ఊపుతడు," అని వదినె చేతులు చెప్పాయి. నలభై మంది పిల్లలు నోళ్ళు పెద్దగా తెరిచి ఒక్కసారి మూస్తుంటే, పాట మాకు కళ్ళతో అందింది. పాటంతా మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం. పక్కవాళ్ళెవరూ ఉష్ అనలేదు. హాలు నిండా జనం ఉన్నా, అందరి తలల మీదుగా మా ఇద్దరి మాటలూ నడిచాయి.

ఆ మనవరాలికి పెళ్ళి కూడా అయిపోయింది. మేం మాత్రం వెళ్తూనే ఉన్నాం. కరోనాతో రెండేళ్ళు పోగా పది చలికాలాలు. ప్రతిసారీ అడిగి మరీ అవే సీట్లు, మూడో వరసలో ఎడమ చివరిది నాకు, కుడి చివరిది ఆమెకు.

ఆ శనివారం బస్సు దిగి నేరుగా ఆమె ఇంటికే వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. వేళ్ళతో తడుముతూ ఏరుతోంది. కళ్ళముందే మూడు రాళ్ళు వదిలేసింది. నేను తీసి పారేశాను. ఏమీ అనుకోలేదు.

"ఇరవై తారీకు, శనివారం, నాలుగ్గంటలకు," అన్నాను చెవి దగ్గర.

"గట్ల మొత్తుకోకు వదినె, గల్లీ గల్లీ టికెట్లడుగుతది," అంది. మళ్ళీ బియ్యం తడుముతూ, "గిదే ఆఖరుది. ఇరవై ఎనిమిదికి సిరిసిల్ల పోతున్నం. కొడుకు సాంచాలు అమ్మిండు," అంది.

"మళ్ళెప్పుడొస్తవ్?"

"ఏం రావుడు? ఈడ ఏమున్నదని?"

నేనున్నాను కదా అనాల్సింది. నోటుపుస్తకం తీసి ఇరవై ఎనిమిది, ఆదివారం అని రాసుకున్నాను.

"ఈసారి పక్కపక్కకే తీస్కో," అంది.

"ఎందుకే? పదిసార్లు ఎదురెదురే కూసున్నం గదా."

"జర పక్కకు కూసుందామని."

"పక్కకు కూసుంటే మాట్లాడుడెట్ల? మెడలు తిప్పుకుంట కూసోవాల్నా?"

ఆమె చాట చెరిగింది. "నీతోని ఎవరు గెలుస్తరు? పొద్దు తప్పినా నీ లెక్క తప్పది. నీ ఇష్టమొచ్చిన కాడ తీస్కో పో," అంది.

ఆఖరిదంటే అన్నీ మొదటిసారిలాగే జరగాలని నాకు పట్టుదల వచ్చింది. సోమవారమే వెళ్ళి అవే సీట్లు తీసుకున్నాను. కౌంటర్లో కూర్చునే ఆయన నన్ను ఏళ్ళుగా ఎరుగును. "మాసీ, ఇస్ బార్ భీ అలగ్ అలగ్?" అన్నాడు. ఈసారి కూడా విడివిడిగానేనా, మీ పోట్లాట ఇంకా తీరలేదా అని ఆయన వేళాకోళం. తీరదు, అలాగే ఇవ్వండి అన్నాను. గొప్పగానే అన్నాను.

డిసెంబరు ఇరవై. మూడూ యాభైకి ఆమెను కుడి వైపు తలుపు దాకా తీసుకెళ్ళి, నేను తిరిగి ఎడమ వైపు వచ్చి కూర్చున్నాను. ఆమెను అక్కడున్న అమ్మాయి చెయ్యి పట్టుకుని సీటు దాకా దిగబెట్టింది. అది కూడా చూశాను. మెట్లకు భయపడుతోంది కాబోలనుకున్నాను.

ముఖ్య అతిథి వచ్చాడు. నుదుటి మీద చెయ్యి పెట్టాను. వదినె నవ్వుతూ నా వైపే చూస్తోంది, కానీ జవాబు లేదు. చేతులూపే ఆయన వచ్చాడు. మాస్టరు వచ్చాడని ముక్కు పట్టుకున్నాను. జవాబు లేదు. మళ్ళీ పట్టుకున్నాను. దానికి ఆమె ఎన్నడూ నవ్వకుండా ఉండలేదు. ముఖం అలాగే పెట్టుకుని కూర్చుంది.

పక్క సీటు ఇవ్వలేదని అలిగిందనుకున్నాను. ఆఖరి రోజు అలకేమిటని నాకూ కోపం వచ్చింది. చేతులు కట్టుకున్నాను. రెండు పాటలు అలా గడిచాయి. నాలుగూ ముప్పై ఐదు.

అప్పుడు వదినె చెయ్యెత్తింది. తల పైన వేలు గుండ్రంగా తిప్పింది. ఎక్కడున్నావ్? నేను వెంటనే చేతులు విప్పాను. కానీ ఆమె చూపు నా మీద లేదు. నా వెనక రెండు వరసల అవతల, నాలాగే తెల్ల శాలువా కప్పుకున్న ఒకావిడ ఉంది. వదినె ఆవిడతో మాట్లాడుతోంది. ఆవిడ అయోమయంగా వెనక్కి తిరిగి చూసుకుంది. వదినె ఆగింది, జవాబు అందినట్టు తలూపింది, మళ్ళీ మొదలుపెట్టింది. కంటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత పిడికిలి విప్పి ఖాళీ అరచెయ్యి చూపించింది. కండె అయిపోయిందన్న సైగ అది.

బియ్యంలో మూడు రాళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి.

లేచి నిలబడి రెండు చేతులూ ఊపాను. వెనకనుంచి బైఠో, బైఠో అని ఎవరో కూర్చోమంటూ భుజం తట్టారు. బయటికి వచ్చి చుట్టూ తిరిగి కుడి తలుపు దగ్గరికి వెళ్ళాను. మధ్యలో లోపలికి పంపడం కుదరదని అక్కడి అమ్మాయి ఆపింది. ఎంత చెప్పినా, అయ్యాకే అంది. తలుపు అద్దంలోంచి వదినె వీపు కనిపిస్తోంది. చేతులు అప్పుడప్పుడు లేస్తున్నాయి. ఏమంటోందో వెనకనుంచి తెలియదు. ఐదూ యాభైకి లైట్లు వేసేదాకా అక్కడే నిలబడ్డాను.

బయటికొచ్చాక, "నీ చేతులు యాడ పెట్టుకున్నవ్? ఒక్క మాట గూడ మాట్లాడకపోతివి," అంది.

"మాట్లాడిన. నీకు కనబడలే."

ఆటోలో కూర్చున్నాక చెవిలో అరిచాను. "కండ్ల సంగతి ముందుగాల చెప్పొద్దానె?"

"చెప్పిన గదా. పక్కకే తీస్కో అన్న."

ఆటో ఉధ్నా దాటాక ఆమె నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, నా అరచేతిలో తన పిడికిలి పెట్టి విప్పింది. కండె అయిపోయింది. అలా చెప్పవచ్చని నాకు తోచలేదు. ఆమె నెల రోజులుగా దాని గురించే ఆలోచించి ఉంటుంది. నేను ఆమె అరచేతిని నుదుటి మీద పెట్టుకున్నాను. సేఠ్ అంది, నవ్వింది. ఎక్కడున్నావన్నదానికి చేతిలో సున్నా చుట్టాం. ముక్కు సైగకు ఆమె నా చిటికెన వేలు పట్టుకుని గిల్లింది. ఇంటికి పోదామన్నదానికి మణికట్టు మీద రెండు వేళ్ళు. అవి ఐదు. ఆరోది మొదలుపెట్టేసరికి భేస్తాన్ వచ్చింది, ఆటో ఆగింది.

తర్వాతి వారం వాళ్ళింటి నిండా మూటలు, చుట్టాలు. కూర్చోవడానికి చోటు లేదు. ఇరవై ఎనిమిది, ఆదివారం, మధ్యాహ్నం రెండూ పదికి బస్సు కదిలింది. కిటికీలోంచి ఆమె తల పైన వేలు తిప్పింది. ఇక్కడే ఉన్నానని చెయ్యెత్తాను. ఆమె వేరే వైపు చూస్తోంది.

పోయినవి రాస్తున్నాను. పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోగలిగిన గంటా యాభై నిమిషాలు. అరచేతిలోకి మార్చుకోని ముప్పై ఎనిమిది సైగలు. మూడో వరసలో కుడి చివరి సీటు. సూరత్‌లో నా చేతులు చదవగలిగిన మనిషి, ఒకరు.