ఉనైజాలో చలికి పగిలిన పైపు

మా ఇంటిదేవుడు మల్లన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులేసే సౌదీ నితాఖత్ లెక్కలో మా కంపెనీ రంగు దిగజారి, పరాయి దేశపు కూలీల తలకింత అని లెవీ కూడా పెరిగిన ఏడాది. నేను ఉనైజాలో ఒక ఖర్జూరపు తోటకు మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. మా ముదీర్, అంటే మేనేజరు, మనుషులను తగ్గించుకోవడానికి సాకులు వెతుకుతున్నాడు. నా కింది ప్లంబర్ లచ్చన్నది జగిత్యాల వైపు. అతని ఇకామా, అంటే నివాస పర్మిట్, రెన్యూవల్ కాగితం సంతకం కోసం ముదీర్ బల్ల మీదే పడి ఉంది.

ఆ చలికాలమే కోల్డ్ స్టోరేజీ బిగించడానికి సౌత్ డకోటా నుంచి ఒక ముసలి అమెరికన్ ఇంజనీరు వచ్చాడు. టీ వేళ తమ వైపు చలి గురించి చెప్పేవాడు. అక్కడొక ఊళ్లో ఒక జనవరి ఉదయం రెండే నిమిషాల్లో ఉష్ణోగ్రత మైనస్ ఇరవై నుంచి ప్లస్ ఏడు డిగ్రీలకు ఎగబాకిందట. గంటన్నర తర్వాత అరగంటలోపే మళ్లీ అంత కిందికీ జారితే కిటికీల అద్దాలు పగిలాయట. కోతలు కోయడంలో నన్ను మించినవాడు లేడనుకునే నేనే అది కోతేననుకున్నాను. చలి ముదిరితే వాళ్లు కుళాయిలను సన్నగా కారనిస్తారనీ, కదిలే నీరు అంత సులువుగా గడ్డకట్టదనీ కూడా చెప్పాడు. ఇదంతా కొంత మసాలా దట్టించి లచ్చన్నకు చెప్పాను.

ఒక ఉదయం క్యాంపు ట్యాంకు ఖాళీగా కనిపించింది. బయట బకెట్లో నీటి మీద అద్దంలా మంచు పొర. ఉనైజాలో మంచు చూసి నేనింకా తేరుకోకముందే ముదీర్ వచ్చాడు. ఎనిమిది కుళాయిలూ సన్నగా కారుతూ ఉన్నాయి.

"ఏం జేసినవ్ లచ్చన్నా?" అన్నాను.

"నువ్వే జెప్పితివి గదనే, సలికి పైపులు పలుగుతయని. అందుకే నల్లాలు సన్నగ ఇడిసిన."

"గది అమెరికా ముచ్చటనే."

"సలికి అమెరికా, ఉనైజా అని ఎర్కుంటదా?"

నీళ్లు ట్యాంకర్లతో తెప్పించుకునే చోట అది మామూలు తప్పు కాదు. ముదీర్ ఒక్కటే మాట అన్నాడు: "ఖలాస్, ఖురూజ్." అంటే ఫైనల్ ఎగ్జిట్, మళ్లీ రాకుండా ఇంటికి. లచ్చన్న వెళ్లి కుళాయిలు ఒక్కొక్కటే కట్టేశాడు.

అరగంటకు నేను పరుగున వచ్చి, రాత్రి నీళ్లు కదలని తోట పంపుహౌస్‌లో పైపు చలికి పగిలిందని చెప్పాను. ముదీర్ వచ్చి చూశాడు. కుళాయిలు కారనిచ్చిన క్యాంపులో ఒక్క పైపూ చెడలేదు. అమెరికన్ పరిశీలించి రిపోర్టు రాశాడు. మధ్యాహ్నానికి లచ్చన్న కాగితం మీద సంతకం పడింది.

మా రిపోర్టులో నష్టానికి ఒక గడి, కారణానికి ఒక గడి ఉంటాయి. నష్టం ఎవరికైనా కనిపిస్తుంది. కారణం మాత్రం ముందుగా అక్కడికి చేరినవాడు చెప్పిందే అవుతుంది. ఆ రోజు నేర్చుకున్నది అదే.

ఒట్టు పెట్టుకున్నాను గనుక, కల్పించిందేదో కూడా చెప్పాలి. రెండు నిమిషాల ముచ్చట నిజమే, తర్వాత రికార్డులు వెతికి చూసుకున్నాను. బకెట్లో మంచూ నిజమే. పంపుహౌస్ పైపును పగలగొట్టింది మాత్రం చలి కాదు, నా రెంచి. చలికి పగిలే పైపు ఉబ్బి నిలువునా చీలుతుంది. నాది అడ్డంగా విరిగింది. ముసలాయన ఆ అంచును వేలితో తడిమి, నా ముఖంలోకి ఒకసారి చూసి, కారణం గడిలో 'చలి' అని రాశాడు.