లైనింగు కింద నాలుగు నైటీలు

"మనిషికి టికెట్టు కొన్నాం, బాగుంది. సంచికి వేరే టికెట్టేంటి? రేపు చెప్పులకీ అడుగుతారు!"

"అడిగితే కడదాం. పోయినసారి కంటే పెంచారు, నిజమే. నలుగురిలో పరువు తీసుకోవడం కంటే నయం కదా."

"అడగడానికి వాళ్లకి లేని సిగ్గు నాకెందుకండీ?"

మేడమెట్ల మీద కూర్చున్న నాకు ప్రతి ముక్కా వినిపిస్తోంది. లోపల పోట్లాడుకుంటున్నది మా పిన్నీ బాబాయీ. కాలేజీ మానేసినప్పటి నుంచి నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను, అంటే పడి తింటున్నాను. మర్నాడు పిన్నీ నేనూ విమానంలో అమ్మ దగ్గరికి వెళ్లాలి. అమ్మకి భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి పైకెత్తలేదు. మామూలు నైటీ తల మీంచి వేసుకోలేదు.

పిన్ని బట్టలు కుడుతుంది. ముందు గదే కొట్టు. లావుపాటి ఆడవాళ్లు వస్తే నడుము కొలత పైకి చదవదు. టేపు మీద వేలుపెట్టి చూసుకుని మనసులోనే ఉంచుకుంటుంది. "బయట కూర్చున్నవాళ్లకెందుకా లెక్క?" అంటుంది. అమ్మ కోసం ముందువైపు నిలువునా తెరుచుకునే నైటీలు కుట్టింది, పక్కన నాడాలతో కట్టుకోవడమే. గుడ్డ మందం. మా ఇద్దరి చేతిసంచుల్లోనూ పట్టలేదు. ఇంకో సంచి తీసుకెళితే దానికి విడిగా కట్టాలి.

అందుకని బాబాయి పాత కోటు లైనింగు విప్పి, నాలుగు నైటీలూ లోపల పరిచి, జారకుండా దగ్గర దగ్గరగా కుట్టేసింది. పనితనానికి వంకపెట్టలేం. వేసుకుంటే మాత్రం గోనెబస్తా నడిచొస్తున్నట్టుంది.

మర్నాడు విమానాశ్రయంలో తనిఖీ దగ్గర కోటు ట్రేలో వెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు. పిన్ని నాకు కన్నుకొట్టింది. విమానం ఎక్కే గేటు దగ్గర మాత్రం, యూనిఫాంలో ఉన్న అమ్మాయి ఒక్క చూపు చూసి, "ఆంటీ, కోటు తీయండి" అంది.

బల్ల మీద పెడితే కోటు కూలబడలేదు. మనిషిలా కూర్చుంది.

"ఇది ఇంకో బ్యాగు కింద లెక్క ఆంటీ. డబ్బు కట్టాలి." ఆ అమ్మాయి చెప్పిన మొత్తం టికెట్టు ధరని దాటిపోయింది.

వెనక వరసలోంచి ఎవడో, "లోపల మొగుణ్ని కూడా పెట్టి కుట్టేసిందేమో చూడండి!" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. పిన్ని కూడా నవ్వబోయింది, కుదరలేదు. ఎవరి ముందూ నోరు తగ్గించని మనిషి నేలకేసి చూస్తూ నిలబడింది.

"ఈ ఒక్కసారికి వదిలెయ్యమ్మా. మా అక్కకి ఒంట్లో బాగాలేదు."

"వదిలేస్తే నా జీతంలో కోస్తారాంటీ" అంది ఆ అమ్మాయి, తనూ ఎటో చూస్తూ.

"బాబాయికి ఫోన్ చేస్తాను, డబ్బు పంపిస్తాడు" అన్నాను.

"చేశావంటే చంపేస్తాను" అంది పిన్ని.

"పోనీ ఇక్కడే పడేద్దాం పిన్నీ. అమ్మకి అక్కడ కొనుక్కోవచ్చు."

"చెయ్యెత్తకుండా వేసుకునేవి ఎక్కడ దొరుకుతాయిరా, నీ మొహం! మొన్నటినుంచీ ఆసుపత్రివాళ్లిచ్చిన అదే చొక్కాలో పడుంది మీ అమ్మ."

కన్నకొడుకుని, ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.

పిన్ని తలెత్తకుండానే ఆ అమ్మాయిని అడిగింది. "ఒంటిమీద బట్టలకి డబ్బు లేదు కదమ్మా?"

"లేదాంటీ. కానీ త్వరగా. గేటు మూసేస్తారు."

"అయితే వేసుకుంటాను. నాలుగూ."

మమ్మల్ని పక్కకి నిలబెట్టి వరసని కదిలించారు. వెళుతున్నవాళ్లంతా తల తిప్పి మరీ చూస్తున్నారు. పిన్ని కోటు తిరగేసి కుట్లని గోటితో లాగింది. తను వేసిన కుట్టు తనకే లొంగలేదు. కత్తెర రానివ్వరని ఇంట్లోనే పెట్టొచ్చింది. పళ్లతో కొరుకుదామని లైనింగు అంచుని నోటిదాకా తెచ్చుకుని, వరస వైపు చూసి ఆగిపోయింది.

"ఒరే," అంది నా మొహం చూడకుండా, "కాస్త నాకు అడ్డంగా నిలబడరా."