ఫ్యాను ఆపి కూర్చునే రూతమ్మగారు

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. నెత్తి మీద ఫ్యాను కిర్రుమంటూ నెమ్మదించి ఆగిపోయింది. అంతవరకూ దాని మోతలో మునిగివున్న అమీర్‌పేట ఒక్కసారిగా గదిలోకి దూరింది. డెమో క్లాసు ఫ్రీ అంటూ కోచింగ్ సెంటర్ వాళ్ల కేకలు, ఆటోల హారన్లు, మెట్రో రైలు చప్పుడు. కరెంటు పోతే లోకానికంతా చిరాకు. నాకు మాత్రం రూతమ్మగారు గుర్తొస్తారు.

పంజాగుట్టలో మేము అద్దెకున్న ఇంటికి ఓనరు ఆవిడ. హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. మనిషి పొట్టి. గొంతు సంగతి చెబితే మా ఆవిడ పద్మ నమ్మొద్దంటుంది గానీ, రూతమ్మగారు పై అంతస్తులోంచి "మోటరు బంద్ చెయ్యుండ్రి" అని అరిస్తే ఎర్రమంజిల్ క్వార్టర్లలో కూడా ఎవరో ఉలిక్కిపడి లేచి మోటారు ఆపేవారు. అంతటి మనిషి రోజూ సాయంత్రం ప్రార్థనకు కూర్చునే ముందు ఫ్యాను ఆపేసేవారు. మండు వేసవైనా సరే.

ఆ సంగతి తెలియని కొత్తలో, పద్మ చేసిన పులిహోర ఇద్దామని పైకి వెళ్లాను. తలుపు ఓరగా తీసి ఉంది. గదంతా ఉక్క. కిటికీ పక్కన కుర్చీలో రూతమ్మగారు కళ్లు మూసుకుని కదలకుండా ఉన్నారు. పిలిచాను, పలకలేదు. నా ఊహకు అంతకంటే ఏం కావాలి? మెట్ల మీద నుంచే కేకలు వేశాను. కింద ఇస్త్రీ బండి అన్న, పక్కవాటా వాళ్లు, అందరూ పైకి పరిగెత్తుకొచ్చారు. పద్మ అప్పటికే ఏడుపు అందుకుంది.

రూతమ్మగారు కళ్లు తెరిచారు. "ఏందీ లొల్లి? ఎవలు పోయిండ్రు?"

ఇస్త్రీ అన్న నన్ను చూపించాడు. "మీరే పోయిన్రని ఈ సారు చెప్పిండమ్మా."

"దేవుని కాడికి పోయిన మాట నిజమే. వాపస్ వస్త గద! గా పులిహోర గిటు తే."

అందరూ దిగిపోయాక, సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి అడిగాను. "అంతసేపు దేవుణ్ణి ఏం అడుగుతారండీ?"

"ఏం అడుగ. 'ప్రభువా, వచ్చిన' అంట. కూసుంట."

"మరి ఫ్యాను ఎందుకు ఆపడం?"

"ఇంటికి ఎవలన్న వస్తే టీవీ బంద్ చెయ్యవా? గట్లనే."

నవ్వుకుని వదిలేశాను. కొన్నేళ్లకు పద్మ గుండెలో కవాటం పాడైంది. మార్చకపోతే మనిషి దక్కదన్నారు. ఆమెను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లిన దగ్గర్నుంచి నా నోరు ఆగలేదు. మా తాత ఉత్త తుమ్ముతో పులిని తరిమిన కథ సెక్యూరిటీ అతనికి చెప్పాను. లోపలున్న డాక్టరూ నేనూ ఒకే బెంచీలో చదువుకున్నామని పక్కాయనకు చెప్పాను. మధ్యమధ్యలో మొక్కులు. కొండకు మోకాళ్ల మీద వస్తానన్నాను, దర్గాకు చాదర్ అన్నాను, చర్చిలో కొవ్వొత్తులన్నాను. రూతమ్మగారు ఎప్పుడొచ్చారో, పక్క కుర్చీలో కూర్చుని అంతా వింటున్నారు.

"అయిపోయిందా?"

"ఇంకా వినాయకుడు మిగిలాడండీ."

ఆవిడ నవ్వలేదు. పాత అలవాటు కొద్దీ నా మణికట్టు పట్టుకుని నాడి చూశారు. "గుర్రం లెక్క ఉరుకుతున్నది. జర ఊకో, బిడ్డా."

"ఊరుకోలేనమ్మా. నేను నోరు మూస్తే లోపల ఆమెకేదో అయిపోతుందనిపిస్తోంది."

"ఆమె పానం నీ మాటల మీద నిలవడ్డదా? నువ్వు ఎవలకు మొక్కుతవో ఆయనకే చెప్పు, భయమైతున్నదని. చెప్పి ఊకో. ఆయన ముంగట గింత షో ఎందుకు?"

కళ్లు మూసుకున్నాను. నోటికి అలవాటైన హంగులన్నీ గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. "స్వామీ, భయంగా ఉంది" అన్నాను. అంతే వచ్చింది. తర్వాత ఊరుకున్నాను. స్ట్రెచర్ చక్రాల చప్పుడు వినిపించింది. ఎక్కడో పసిబిడ్డ ఏడుపు. నా మణికట్టు మీద ఆవిడ వేళ్లు. భయం పోలేదు. కానీ అంతదాకా నెత్తిమీద నిలబడి అరుస్తున్నది కాస్తా, అలసిపోయిన ప్రయాణికుడిలా వచ్చి నా పక్కన కూర్చుంది. పద్మను మోస్తున్నది నేను కాదని అప్పుడు తెలిసింది. డాక్టరు బయటికి వచ్చినప్పుడు, ఆయన నోరు విప్పకముందే, లేచి నిలబడగలిగాను. బాగానే జరిగిందన్నారు.

రూతమ్మగారు ఇప్పుడు లేరు. పద్మను ఏటా పరీక్షలకు తీసుకెళ్తాను. ఆమె లోపలికి వెళ్లగానే భయం వస్తుంది. ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పి ఊరుకుంటాను. కొన్నిసార్లు మనసు నిమ్మళిస్తుంది, కొన్నిసార్లు లేదు. నిమ్మళించని రోజున కూడా మధ్యలో లేచి వెళ్లను.

మొన్న పద్మ బయటికొచ్చి, "ఏంటండీ, ఒంట్లో బాలేదా? మాట్లాడట్లేదు?" అంది.

"ఒకరితో కూర్చున్నాను" అన్నాను.

అటూ ఇటూ చూసింది. రిపోర్టులు ఒళ్లో పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చుంది.