రెండేళ్లు ఆగిన గుడి గోడ

పోయిన ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ నన్ను ఆపి, "మన గుడి ఎట్లా పుట్టిందో నాలుగు మాటలు రాసివ్వమ్మా" అన్నారు. ఇప్పుడది విచారణ గుడి, ఫాదర్ ఇక్కడే ఉంటారు. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లవాళ్లు వస్తారు. గుమ్మం పక్కనున్న రాతి మీద ప్రతిష్ఠ చేసిన పెద్దల పేర్లున్నాయి. మా నాయన పేరు లేదు. ఉండాలని ఆయనా అనుకునేవాడు కాదు.

నాయన మా ఊరి ఉపదేశి. ఫాదర్ కుందుర్పి వైపు నుంచి నెలకోసారి మోటారుసైకిలు మీద వచ్చేవారు. మిగతా ఆదివారాలు మా వసారాలో నాయనే ప్రార్థన చెప్పేవాడు. పాట మధ్యలో మేక అరిస్తే, "దానికుండే భక్తి మీకు లేదు" అని మమ్మల్ని కసిరేవాడు. తొంభైల చివర్లో గుడికి పునాది పడింది. మేస్త్రి పక్క ఊరి సాయిబు, నాయన ఈడువాడే. గోడలు ఛాతీ ఎత్తు లేచేసరికి ఊరి బోరు ఎండిపోయింది. అప్పుడప్పుడూ వచ్చే ట్యాంకరే దిక్కు. "నీళ్లు పట్టకపోతే గోడ నిలబడదన్నా" అన్నాడు మేస్త్రి. ప్రార్థనకు వచ్చే ఇళ్లవాళ్లం ఇంటికో బిందె గోడకిద్దామనుకున్నాం. అంతలో ఎదురింటి రైతు అవ్వ, మా ప్రార్థనకు ఎన్నడూ రానిది, వచ్చి నాయన ముందర నిలబడింది.

"మా ఎద్దులు నాలుక బయటేసుకోని పడుండాయి. నీ గోడకు దప్పికైతాందా అప్పా?"

 నాయన మేస్త్రి వైపు తిరిగి, "దేవుడు ఎన్నాళ్లైనా కాచుకుంటాడు. ఎద్దులు కాచుకోవు. పని నిలిపేద్దామన్నా" అన్నాడు. గోడకని పట్టిన బిందెలు ఎద్దుల తొట్టిలో పోశాం. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. గుడి చూడకుండానే పోతానేమోనని అమ్మతో అన్నాడట.

అలాగే అయింది. మేస్త్రి కూలి పనికి బెంగుళూరు పోయాడు. మేము ఆ మొండి గోడల మధ్య, ఎండలో, తలమీద తువ్వాళ్లు కప్పుకుని ప్రార్థన చేసుకున్నాం. రెండో ఏడు నాయన పోయాడు. మట్టి చేసే ముందు పెట్టెను ఆ గోడల మధ్యే దించాం. అవ్వ మొదటిసారి లోపలికొచ్చింది. "మంచి మనిషిని ఎండకు పెట్టినారే" అంటూ ప్రార్థన అయ్యేదాకా కొంగు పట్టి ఆయన ముఖానికి నీడ చేసింది.

వానలు పడ్డాక మేస్త్రి తిరిగొచ్చాడు. "అన్న యాడమ్మా?" అన్నాడు. చెప్పాను. గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి, కళ్లు తుడుచుకుని, "నీళ్లు తెప్పీమ్మా, కొత్త వరస పెట్టల్లంటే పాత వరస తడపల్ల" అన్నాడు.

కప్పు పడింది, గంట వచ్చింది, విచారణ అయింది. ఆ రెండేళ్లూ ఊరికే పోయాయని అప్పట్లో బాధపడ్డాం. ఇప్పుడు తలచుకుంటే, మేం ఒకరికొకరమైంది ఆ ఏళ్లలోనే. కాలం ఎప్పుడు పని చేస్తోందో, ఎప్పుడు ఊరికే కూర్చుందో, అందులో ఉన్నవాళ్లకు తెలియదు.