తమ్ముడికి నేను నేర్పిన డ్రైవింగ్

మొన్న ఆదివారం మా మనవరాలు కారు నేర్చుకోవడానికి బయలుదేరితే, వద్దన్నా వినకుండా నేనూ వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాను. ఆర్మూరు దాటి జక్రాన్‌పల్లి వైపు పోతున్నాం. నేర్పడానికి వచ్చిన పిల్ల, మా మనవరాలి కంటే ఐదారేళ్ళు పెద్దదేమో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది తప్ప నోరు మెదపదు. బండి రెండుసార్లు ఆగిపోయింది, లారీ ఒకటి హారన్ మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయింది. ఉండబట్టలేక నేనేదో అనబోతే ఆ పిల్ల వెనక్కి తిరిగి, "తాతా, జర సప్పుడు జేయకుండ ఉండుండ్రి. ఆమెకు ఇప్పుడు రోడ్డు సూసుడే మస్తు పని" అంది. ముప్ఫై ఏళ్ళు లారీ తోలినవాణ్ణి, నాకు కోపం రావాలి. రాలేదు. మా తమ్ముడు గుర్తొచ్చాడు.

నాకు లారీ నేర్పిన ఉస్తాద్ మొదటి వారం ఇంజనే స్టార్ట్ చేయనివ్వలేదు. ఆగి ఉన్న బండిలో కూర్చోబెట్టి క్లచ్చు, గేరు, మళ్ళీ క్లచ్చు, గేరు అనేవాడు. రోడ్డెక్కాక రోజుకు ఒక్క సంగతే చెప్పేవాడు. ఎదురుగా బస్సు కనబడితే, చెబుతున్న కబురు మధ్యలో ఆపేసి, అది దాటాకే మళ్ళీ అందుకునేవాడు. అది ఆయన తిక్క అనుకునేవాణ్ణి. ఆ తర్వాత నా కాళ్ళూ చేతులూ ఎంత ఆరితేరాయంటే, పసుపు బస్తాల లోడుతో నిజామాబాద్ పోతూ పాటలు పాడేవాణ్ణి, పక్కనున్నవాళ్ళతో వాదన వేసుకునేవాణ్ణి, ఏ కాలు ఎప్పుడు కదిలిందో అడిగితే మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి. పని ఒంటికి పట్టాక, అది పట్టడానికి పడ్డ పాట్లు మనసులోంచి జారిపోతాయి. నాకూ అలాగే జారిపోయాయి.

తమ్ముడికి గల్ఫ్ పోవాలని ఉండేది. బాల్కొండలో ఏజెంటు ఒక్కటే మాట చెప్పాడు, లైసెన్సు తెచ్చుకుంటే డ్రైవరు వీసా, లేకుంటే కూలి వీసా. డ్రైవరంటే నీడపట్టున కూర్చుని చేసే పని, కూలి అంటే ఆ ఎండలో ఇటుకలు మోయడం. పరీక్షకు నెలరోజులుంది. ఇంట్లో నేనుండగా ఇంకొకరు నేర్పడమేమిటని గొప్పకు పోయి ఆ పని నెత్తిన వేసుకున్నాను.

అవి పసుపు ఉడికించే రోజులు. మా కళ్ళంలో ఉడికిన కొమ్ములు బారులు బారులుగా ఆరబోసి ఉన్నాయి. ఖాళీ జాగాలో నేర్పితే భయముండదు, భయం లేకపోతే ఒళ్ళు దగ్గర పెట్టుకోడు అని నా తెలివి. రెండు బారుల మధ్య సందులో, ఇంటిల్లిపాది ఏడాది కష్టం అటూ ఇటూ పెట్టి, వాడితో ట్రాక్టరు తోలించాను. పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని ఒక్క క్షణం నోరు మూయలేదు. "క్లచ్ తొక్కురా! గేర్ ఏమాయె? ఎనక్కి సూడు! పసుపురా, పసుపు!" పసుపు అనగానే వాడు పసుపు వైపు చూశాడు, చూసిన వైపే చేతులు తిరిగాయి. కంగారులో క్లచ్చు మీది కాలు ఒక్కసారిగా తీసేశాడు. పెద్ద చక్రం ఒక బారును ఈ కొస నుంచి ఆ కొసదాకా నలిపేసింది. అమ్మ లబోదిబోమంది. బాపు పరుగున వచ్చి, చితికిన కొమ్ములు దోసిట్లోకి ఎత్తుకుని చూశాడు, ఒక్క మాట అనలేదు. అన్నదంతా నేనే. "నీ బతుకుల నీకు స్టీరింగ్ రాదురా" అన్నాను, పనికొచ్చిన ఆడవాళ్ళందరి ముందర.

పరీక్ష రోజు వాడు చెప్పకుండా ముప్కాల్‌లో అత్తగారింటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూలి వీసా మీదే గల్ఫ్ పోయాడు, పద్దెనిమిదేళ్ళు ఇటుకలు మోశాడు, మోకాళ్ళు అరగదీసుకుని తిరిగొచ్చాడు. ఇన్నేళ్ళూ వాడికి చేతకాలేదనే చెప్పుకున్నాను, ఊళ్ళోవాళ్ళకూ, నాకు నేనూ.

ఆదివారం సాయంత్రమే వాడింటికి వెళ్ళి, కారులో జరిగింది చెప్పాను. వాడు నవ్వాడు. "నాకు ట్రాక్టర్ తోలుడు అస్తుండె అన్నా. నువ్వు లారీ మీద పోయిననాడు పొలంల ఒక్కన్నే మంచిగ తోలెటోన్ని. నువ్వు పక్కకుంటెనే, నీ మాట ఇనాల్నో బండి సూడాల్నో సమజ్ కాకపోతుండె." ఎవరి సంగతో చెబుతున్నంత మామూలుగా ఇంకో మాట అన్నాడు. గల్ఫ్‌లో ఒకసారి మేస్త్రీ వచ్చి, మీలో బండి తోలేవాళ్ళెవరని అడిగాడట. "చెయ్యి లేపబోయిన. నీ గొంతు ఇనబడ్డట్టాయె. కిందికి దించిన."

ఇప్పుడు రోడ్లు వెడల్పయ్యాయి, గల్లీకో డ్రైవింగ్ స్కూలు వచ్చింది, ఆడపిల్లలు ధీమాగా తోలుకుపోతున్నారు. కళ్ళాల్లో తమ్ముళ్ళ మీద అరిచే అన్నలు లేరు, నాకది సంతోషమే. తమ్ముడు కుంటుకుంటూ నాతో బస్టాండు దాకా వచ్చి, సీటు దొరికిందా లేదా అని కిటికీలోంచి చూశాడు. నా మీద కోపమేమైనా ఉందేమోనని, బస్సు కదిలేదాకా వాడి మొహంలో వెతికాను. ఉండి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.