నాన్న నాతో చదివించిన అంకెలు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి సూరత్‌లో మగ్గాలన్నీ ఆగిపోయిన ఏడాది, మా ఇంట్లో గడగడా చదవడం వచ్చింది నాకొక్కదానికే. నాన్న ఆ ఊళ్ళోనే ఉధ్నా పేటలో మగ్గం నడిపేవాడు. దగ్గర్లోని డిండోలిలో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నా ఆన్‌లైన్ క్లాసుల కోసం అమ్మ పేరు మీద కొన్న ఫోన్ ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. అప్పుడప్పుడు నాన్న పక్కన కూర్చుని, "జర ఆ నెంబర్ చదువు బిడ్డా" అనేవాడు. మెసేజ్‌లో వచ్చిన ఆరంకెల ఓటీపీ నేను చదివితే తన ఫోన్‌లో కొట్టుకునేవాడు. బడి ఫీజు పని అని చెప్పాడు. గర్వంగా చదివాను.

ఒకరోజు నాన్న ఫోన్‌లో ఉన్న నెంబర్లన్నిటికీ, మా క్లాసు టీచరుకు కూడా, మెసేజ్ వెళ్ళింది. మా అమ్మ అప్పు ఎగ్గొట్టిన దొంగ అని, ఆమె ఫొటోతో సహా. నేను చదివిన అంకెలు బడి ఫీజుకు కావు, లోన్ యాప్‌లలో అప్పులకు. ఒకదాని వాయిదా కట్టడానికి మరొకటి, అన్నీ అమ్మ పేరు మీదే. అమ్మకు ఒక్క ముక్క తెలియదు.

నాన్న శనిదోషం అన్నాడు. దోషం పోవడానికి రాయి ఉంగరం కొన్నాడు, అదీ అప్పుతోనే. మనిషి చేసిన అప్పుకు ఆకాశంలోని గ్రహం ఎలా పూచీ పడుతుందో నాకు ఆనాడూ అర్థం కాలేదు, ఈనాడూ కాదు.

ఉంగరం పెట్టుకున్న సాయంత్రమే మళ్ళీ నెంబర్ చదవమన్నాడు. "ఇదొక్కటే బిడ్డా, దీంతోని అన్నీ సాఫ్ అయితయ్." అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. నేను ఫోన్‌తో పక్కింటికి పరుగెత్తాను. పక్కింటి అక్క బట్టల మార్కెట్‌లో ఒక దుకాణానికి లెక్కలు రాసేది.

అక్క వచ్చి నాన్నను తిట్టలేదు. "బాబాయ్, పోగు తెగితే ఏం జేస్తవ్?" అని అడిగింది.

"మగ్గం బంద్ జేస్త."

"ఎందుకు? నడవనీ. మీటరుకింత అని పైసలొస్తయ్ గద."

"తానంతా ఖరాబైతది. సేటు పైసలు మొత్తం కోస్తడు."

"మరి గీ అప్పులెందుకు నడిపిస్తున్నవ్?"

నాన్న చేతిలోని ఫోన్ పక్కన పెట్టాడు. అప్పులన్నీ రాయడానికి అక్క కాగితం తీసింది. నాన్న అయిదు అప్పులు చెప్పి ఆగాడు. "ఇంకా?" అంది అక్క. తొమ్మిదయ్యాయి. ఒక్కో అప్పుకూ అమ్మ, "గిది గూడ నా పేరు మీదనేనా?" అని అడిగింది. ప్రతిసారీ నాన్న తలూపాడు.

ఆరోజు నుంచి కొత్త అప్పు లేదు. బెదిరింపుల మీద పోలీసులకు ఫిర్యాదు చేశాం. వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు కట్టాం, మిగతావాళ్ళను గడువు అడిగాం. మగ్గాలు మళ్ళీ నడిచాక రెండేళ్ళలో అన్నీ తీరిపోయాయి. నాన్నను మళ్ళీ నమ్మడానికి నాకు అంతకన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా "నన్ను నమ్మవా?" అంటే, ముందు లెక్క రాసిన కాగితం చూపించమంటాను. వాళ్ళకు కోపం వస్తుంది. రానీ.