పదకొండో వాల్వు

అణుపరీక్షలు జరిగిన ఏడాది. లింగంపల్లిలో బస్సెక్కితే ఒక పెద్దాయన పక్కన సీటు దొరికింది. మూసాపేటలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడట. నా చేతిలోని పేపర్లో ఆంక్షల వార్త చూసి, "ఏమంటున్రు సార్ ఆ దేశాలోళ్లు?" అని అడిగాడు.

"విడిభాగాలు ఇవ్వరటండి. ఇక మన క్షిపణులు ఆగిపోయినట్టే," అన్నాను.

ఆయన జేబురుమాలు విప్పి, బొటనవేలంత ఉక్కు వాల్వు నా అరచేతిలో పెట్టాడు.

"వాళ్లు బంద్ చేసింది గిదే. మిసైల్ ల్యాబోళ్లకు నేను చేస్తున్న. పదిసార్లు వాపస్ చేసిన్రు. గిది పదకొండోది."

"ఇదీ పనికిరాదంటే?"

"పన్నెండోది చేస్త. ఆ దేశాలోళ్లను అడుగుడైతే ఇగ లేదు."

వాల్వు మీద పడ్డ నా వేలిముద్రను రుమాలుతో తుడిచి, గచ్చిబౌలిలో దిగిపోయాడు.

అది పాసయిందో లేదో తెలియదు. నింగికెగసే క్షిపణి ఫొటో కనబడితే మాత్రం, ఆ వాల్వు ఎక్కడుంటుందా అని ఇప్పటికీ వెతుకుతాను.